ఆధార్ అథెంటికేషన్ హిస్టరీ: ఎవరు అడిగారో చెబుతుంది, అక్కడితో ఆగుతుంది

తన ఆధార్ నంబరును ఎవరెవరు వాడారో చూసిపెట్టమని మా నాన్నగారు అడగడంతో, ఆధార్ జారీచేసే ప్రాధికార సంస్థ యూఐడీఏఐ వారి మైఆధార్ పోర్టల్‌లోని ‘అథెంటికేషన్ హిస్టరీ’ (ధ్రువీకరణల చరిత్ర) సేవను ఈ మధ్య శ్రద్ధగా పరిశీలించాను. ఆధార్ నంబరు, దానికి జతయిన మొబైల్‌కు వచ్చే ఓటీపీ ఉంటే చాలు. మొబైల్ జతకాని వారికి మాత్రం ఇది అందదు.

ప్రతి వరుసలో తేదీ, సమయం, వేలిముద్రా ఓటీపీయా అన్న పద్ధతి, అడిగిన సంస్థ పేరు, లావాదేవీ సంఖ్య, ఫలితం ఉంటాయి. నాన్నగారి జాబితాలో ఒక ఉదయం నిమిషాల తేడాతో వరుసగా మూడు వైఫల్యాలు, నాలుగోసారి సఫలం కనిపించాయి. మగ్గం మీద అరిగిపోయిన వేళ్లు కనుక, రేషన్ డీలరు వేలు తుడిపించి, చివరికి ఉంగరపు వేలు పెట్టించిన రోజది. దాని కింది వరుసలోని సంస్థ పేరు మాత్రం ఇద్దరమూ విననిది. పాస్‌బుక్‌తో తేదీ సరిపోల్చాక, అది ఆయన డబ్బు తీసుకున్న కేంద్రం తాలూకుదేనని తేలింది. అక్కడి బోర్డు మీది పేరు వేరు, ధ్రువీకరణ అనుమతి ఉన్న సంస్థ పేరు వేరు.

ఎందుకు అడిగారన్న గడి లేకపోవడం మొదట లోపమనిపించింది. అయితే ధ్రువీకరణ ఉద్దేశాన్ని యూఐడీఏఐ సేకరించరాదనీ, దాచరాదనీ 2016 ఆధార్ చట్టం 32వ సెక్షనే చెబుతోంది. ఒక మనిషి ఎప్పుడు ఏ అవసరం మీద ఎక్కడికి వెళ్లాడో అంతా ఒకేచోట పోగుపడడం కంటే ఆ గడి లేకపోవడమే మేలు. జాబితా 6 నెలలకే పరిమితం కావడం వెనుకా ఇలాంటి కారణమే ఉంది: ఈ ధ్రువీకరణల నమోదులను (లాగ్‌లను) 5 ఏళ్లు భద్రపరిచే నిబంధనను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26 నాటి తీర్పులో కొట్టివేసింది. ఒకసారికి 50 నమోదులే చూపడం మాత్రం తరచూ వాడేవారికి ఇబ్బందే.

అసలు కొరత మరోచోట ఉంది. ఈ-కేవైసీలో, అంటే ఆధార్ ద్వారా ఆన్‌లైన్‌లో జరిగే గుర్తింపు పరిశీలనలో, మన పేరు, చిరునామా, పుట్టిన తేదీ, ఫొటో అడిగిన సంస్థకు చేరాక, అక్కడి నుంచి ఎవరి చేతికి వెళ్లాయో ఈ జాబితాకు తెలియదు. 2018లో పెద్దపల్లి జిల్లాలో రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలకు నకళ్లు చేసి సిమ్‌లు యాక్టివేట్ చేశారన్న కేసు గుర్తుండే ఉంటుంది. అలాంటప్పుడు దొంగముద్రతో జరిగిన ధ్రువీకరణ ఇందులో పడుతుందే గాని, ముద్ర కాపీ అయిన సంగతి పడదు. జిరాక్సు కాపీల మాట సరేసరి. మన డేటాను ఎవరెవరితో పంచుకున్నారో సంస్థనే అడిగే హక్కును 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 11వ సెక్షన్‌లో చేర్చారు. ఈ జాబితాలోని సంస్థ పేరు, లావాదేవీ సంఖ్య అలా అడగడానికి ఆధారంగా పనికొస్తాయి.

అయిదుకు మూడున్నర ఇస్తాను. వేలిముద్రలతో ధ్రువీకరణ జరగకుండా ఆపే బయోమెట్రిక్ లాక్ కూడా ఇదే పోర్టల్‌లో ఉంది గాని, ప్రతి నెలా రేషన్‌కు ముందు ఆ లాక్ తీయడం నాన్నగారి వల్ల కాదు. అందుకని నెలకోసారి నేనే జాబితా తెరిచి వరుసలు చదువుతున్నాను, ఆయన పాస్‌బుక్ పట్టుకుని సరిచూస్తున్నారు.