రెండో రోజు పొద్దున్నే సైకిలెక్కి చూడండి

ఛారిటీ సైకిల్ యాత్రకు పేరు ఇచ్చిన వాళ్ళ చేతికి మొదట వచ్చేది ఒక శిక్షణ పట్టిక. వారం మధ్యలో రెండు మూడు చిన్న రైడ్లు, ఆదివారం ఒక పెద్ద రైడు. ఆదివారం గడిలో అంకె 40, 50, 60 అని పెరుగుతూ పోయి చివరికి 120 కి.మీ. దగ్గర ఆగుతుంది. దాన్ని పొల్లుపోకుండా పాటించినవాళ్ళే యాత్ర రెండో రోజు మధ్యాహ్నానికి సైకిల్‌ను సపోర్ట్ వ్యాన్ ఎక్కించి, కిటికీ పక్కన మౌనంగా కూర్చుంటారు. ఎన్నిసార్లు చూసినా కడుపు తరుక్కుపోయే దృశ్యం అది. ఎవరి వైద్యానికో, ఎవరి చదువుకో పదిమంది దగ్గర చందా అడిగి, "మొత్తం దూరం తొక్కుతాను" అని మాటిచ్చి వచ్చిన మనుషులు వాళ్ళు. నాలుగు నెలలు కష్టపడ్డారు కూడా. మోసం చేసింది పట్టికే. ప్రతి ఆదివారం వెనక ఒక సోమవారం విశ్రాంతి పెట్టి, నిన్న తొక్కిన ఒంటితో ఇవాళ మళ్ళీ సీటెక్కడం ఎలా ఉంటుందో వాళ్ళకి ఒక్కసారీ చూపించలేదు.

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి లాస్ ఏంజిలిస్‌కు 2002 నుంచి 2025 దాకా సాగిన ఎయిడ్స్/లైఫ్‌సైకిల్ అనే ఛారిటీ యాత్ర 7 రోజుల్లో 545 మైళ్ళు, అంటే సుమారు 877 కి.మీ. రోజుకు సగటున 125. పట్టికలో ఆఖరి ఆదివారం చేరుకునే శిఖరం అక్కడ మామూలు రోజు! అందుకే శిక్షణలో మిగతావన్నీ ఎలా ఉన్నా, వరుసగా రెండు రోజులు తొక్కి, మధ్య రాత్రి ఇంటికి దూరంగా పడుకునే రైడ్లు కనీసం మూడు ఉండాలి. మొదటిది తొలి రోజు 50, మర్నాడు 40 కి.మీ. రెండోది 70, 60. మూడోది 100, 80. వారం మొత్తం దూరాన్ని పదోవంతుకు మించి పెంచకుండా, ప్రతి నాలుగో వారం మూడోవంతు తగ్గిస్తూ వస్తే 16 వారాల్లో ఇవన్నీ పడతాయి. యాత్రలో అన్నిటికన్నా పొడుగాటి రోజులో నాలుగింట మూడు వంతులు శిక్షణలో తొక్కి ఉంటే చాలు. ఒకే రోజు 200 కి.మీ. లాగి గొప్పగా చెప్పుకునేవాళ్ళకన్నా వరుసగా 90, 90 తొక్కినవాళ్ళే యాత్రకు ఎక్కువ సిద్ధంగా ఉంటారు.

దారుల సంగతి. ఇంటి చుట్టూ 25 కి.మీ. గుండ్రటి దారిని నాలుగుసార్లు తిరగడం మొదటి నెలకు మంచిదే. సైకిల్‌లో ఏది వదులైనా సాయం దగ్గరలో ఉంటుంది. తర్వాత అది పనికిరాదు, ఎందుకంటే ప్రతి చుట్టూ ఇంటి ముందు నుంచే పోతుంది, మూడో చుట్టుకి మనసు ఒప్పుకోదు. వెళ్ళిన దారినే తిరిగి రావాలంటే గాలికి ఎదురుగా బయలుదేరండి. గాలి వెనక నుంచి తోస్తుంటే 60 కి.మీ. ఇట్టే అయిపోయినట్టుంటుంది, తిరుగు ప్రయాణంలో అలసిన కాళ్ళతో అదంతా చెల్లించాలి. మా ఓటు మాత్రం ఒక దారిలో వెళ్ళి, రాత్రి ఆగి, మరో దారిలో తిరిగి రావడానికే.

ఎత్తుపల్లాలను కొలిచి ఎంచుకోవాలి. యాత్రలో ఒక రోజు 100 కి.మీ.కి 1,200 మీటర్ల ఎక్కుడు ఉందంటే కిలోమీటరుకు 12 మీటర్లు. శిక్షణ దారిలో కూడా అదే నిష్పత్తి దొరకాలి. దానికి తగ్గ గేరు లేకపోతే మోకాళ్ళు పోతాయి. ముందు చిన్న చక్రానికి 34 పళ్ళు, వెనక పెద్దదానికి 34 పళ్ళు ఉన్న సైకిల్‌లో పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టు, అంటే దాదాపు 2.1 మీటర్లు. నిమిషానికి 60 చుట్లతో గంటకు 7.6 కి.మీ. వేగంలో ఎక్కవచ్చు. అదే ముందు 39, వెనక 25 పళ్ళ గేరుతో 60 చుట్లు నిలబెట్టుకోవాలంటే దాదాపు 12 కి.మీ. వేగం కావాలి, అంటే అదే చడావు మీద ఒకటిన్నర రెట్లకు మించిన బలం. మొదటి రోజు తొక్కేస్తారు. రెండో రోజు 40వ కి.మీ. దగ్గర మోకాలిచిప్ప కింద సన్నగా మొదలవుతుంది నొప్పి. వెనక క్యాసెట్, అంటే పళ్ళచక్రాల గుత్తి, మార్పించడం సులువు. పెద్ద పళ్ళకి, చైనుని ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదానికి జరిపే డెరైలర్ సరిపోతుందో లేదో మాత్రం ముందే అడగండి.

పెద్ద రోడ్ల అంచు వెడల్పుగా, సురక్షితంగా కనిపిస్తుంది కానీ పంక్చర్లన్నీ అక్కడే ఉంటాయి. లారీ టైర్లు పేలినప్పుడు రాలే సన్నటి ఉక్కు తీగ ముక్కలు వేలికి తగలవు. కొత్త ట్యూబు వేసిన పది నిమిషాలకే మళ్ళీ గాలి పోయిందంటే తీగ టైరులోనే ఉండిపోయిందని అర్థం. టైరు లోపలి వైపు దూది ముక్కతో ఒక చుట్టు తుడవండి, తీగ ఉన్నచోట దూది పోగు తట్టుకుంటుంది. అందుకని సంచిలో రెండు ట్యూబులు, అతుకుల డబ్బా, టైరు లివర్లు, పంపుతో పాటు చిన్న పట్టకారు కూడా ఉండాలి. ట్యూబుకి పక్కపక్కనే రెండు చీలికలు కనిపిస్తే అది ముల్లు పని కాదు, గాలి తక్కువై గుంతలో రిమ్ము నొక్కేసిందని.

ఇక బస. రెండు రోజుల రైడులో సగం చదువు ఇక్కడే. ఫోన్లో అడిగితే "సైకిల్ గదిలో పెట్టుకోవచ్చు" అంటారు. సాయంత్రం 90 కి.మీ. తొక్కి, ఉప్పు గీతలు కట్టిన చొక్కాతో వెళ్ళి నిలబడితే కౌంటర్ దగ్గర వేరే మనిషి ఉంటారు, "లోపలికి కుదరదండీ" అంటారు. ఆ క్షణంలో వాదించే ఓపిక ఎవరికీ ఉండదు. సైకిల్ రాత్రంతా బయట ఉంటుంది. దొంగ భయం ఒక్కటే అయితే తాళం వేసుకోవచ్చు. అసలు నష్టం పొద్దున్న తెలుస్తుంది. మంచుకో వానకో చైను మీద తుప్పు పొర. ఎవరో సరదాగా గేరు మీటలు నొక్కి ఉంటారు, ఎవరి బండో తగిలి సైకిల్ కుడివైపుకి పడి ఉంటుంది. అలా పడితే వెనక డెరైలర్‌ని పట్టుకునే హ్యాంగర్ కొంచెం లోపలికి వంగుతుంది. చదును రోడ్డు మీద ఏమీ తెలియదు. మొదటి ఎక్కుడులో అన్నిటికన్నా తేలిక గేరుకు వేయగానే డెరైలర్ చువ్వల్లోకి పోతుంది, రైడు అక్కడితో ఆఖరు. బయట పెట్టాల్సి వచ్చిన ప్రతిసారీ పొద్దున్నే సైకిల్ వెనక నిలబడి, డెరైలర్ పళ్ళచక్రాలకి సమాంతరంగా ఉందో లేదో చూసి, చక్రం ఎత్తి అన్ని గేర్లూ మార్చి చూశాకే కదలాలి. ఇంత బాధ పడేకన్నా గది తీసుకునేటప్పుడే "సైకిల్ గదిలో పెట్టుకోనిస్తాం" అని సందేశం రూపంలో రాయించుకోండి, దాన్ని కౌంటర్ దగ్గర చూపించండి. మన వైపు మర్యాద కూడా ఒకటుంది. పాత బట్ట ఒకటి తీసుకెళ్ళి చక్రాల కింద పరవండి, చైనుని గోడకి తగలనివ్వకండి. గోడ మీద నల్లటి గ్రీజు మరక చూసినవాళ్ళు తర్వాత వచ్చే సైకిల్ మనిషిని లోపలికి రానివ్వరు.

గది ఎంత బాగుందన్నది తర్వాతి మాట. ఉదయం తిండి ఎన్నింటికి పెడతారో ముందు అడగాలి. చాలా బసల్లో ఆ వేళకు మనం 30 కి.మీ. దాటి ఉండాలి. రాత్రే పొట్లం కట్టి ఇమ్మని అడగడం, లేదా తెచ్చుకున్నది తినడం తప్ప దారి లేదు. ఉతుక్కునే చోటు, ఆరేసుకునే చోటు ఉందా అన్నది ఇంకో ప్రశ్న. ప్యాడ్ ఉన్న నిక్కరు ఉతికి, పొడి తువ్వాలులో చుట్టి గట్టిగా పిండి, ఫ్యాను కింద వేస్తే మామూలుగా తెల్లారేసరికి ఆరుతుంది. ఆరకపోతే తడిది వేసుకోకండి, రెండో జత ఉండాల్సిందే. తడి ప్యాడ్ మీద మూడు గంటలు కూర్చుంటే లేచే పుండ్లు వారం దాకా మానవు. యాత్రలో పడక గుడారంలోనో, పెద్ద హాల్లోనో అయితే శిక్షణలో ఒక రాత్రి అలాగే, అదే చాప మీద, చెవుల్లో ప్లగ్గులతో పడుకుని చూడండి.

రెండో రోజు పొద్దున్న జట్టులో ఎవరూ మాట్లాడరు. అది మామూలే. మొదటి 20 నిమిషాల్లో ఒళ్ళు చెప్పేది మాత్రం జాగ్రత్తగా వినాలి, ఎందుకంటే మొదటి రోజు దాచిన తప్పులన్నీ అప్పుడే బయటపడతాయి. మోకాలికి ముందు వైపు నొప్పి ఉంటే సీటు కిందికి ఉన్నట్టు. వెనక వైపు ఉంటే, లేదా తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగుతుంటే సీటు మరీ పైకి ఉన్నట్టు. పెడల్ పూర్తిగా కిందికి ఉన్నప్పుడు మడమ దాని మీద ఆనిస్తే కాలు నిటారుగా ఉండాలి, ఇది మోటు లెక్క. అక్కడి నుంచి ఒక్కసారికి 2, 3 మిల్లీమీటర్లే మార్చండి. ఒక రైడుకు ఒక మార్పే. సరైన ఎత్తు దొరికాక సీటు గొట్టానికి టేపు చుట్టండి, సైకిల్‌ని బండిలో వేసుకెళ్ళి మళ్ళీ బిగించినప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

చిటికెనవేలు, ఉంగరపువేలు తిమ్మిరెక్కుతుంటే అరచేతి అంచున నరం నలుగుతోందని. చాలామంది వెంటనే మందపాటి గ్లౌజులు కొంటారు. ముందు సీటు ముక్కు చూడండి. అది కిందికి వాలి ఉంటే ఒళ్ళు ముందుకి జారి బరువంతా చేతుల మీద పడుతుంది. సీటుని సమంగా చేసి, మోచేతులు కొంచెం వంచి, పది నిమిషాలకోసారి పట్టు మారిస్తే చాలామందికి తగ్గుతుంది. తగ్గకపోతే హ్యాండిల్‌బార్ ఎత్తు చూడాలి. దూది మెత్తలాంటి వెడల్పు సీట్లు కొనకండి, ఇది గట్టిగా చెబుతున్న మాట. అరగంట హాయిగా ఉంటాయి. తర్వాత కూర్చునే ఎముకలు అందులో దిగబడి, వాటి మధ్య మెత్తటి భాగం నలుగుతుంది. ప్యాడ్ నిక్కరు కింద ఇంకో గుడ్డ వద్దు, కుట్లు ఒరుసుకుంటాయి. పావుగంటకోసారి అర నిమిషం పెడల్స్ మీద లేచి నిలబడండి.

రెండో రోజు చిరాకుపడే తోటి రైడర్ చాలాసార్లు ఆకలితో ఉన్న మనిషే. గొడవ పడకుండా చేతిలో అరటిపండు పెట్టండి. పెద్ద పండులో 25 గ్రాముల పైన పిండిపదార్థం ఉంటుంది. గంటకు 30 నుంచి 60 గ్రాములు కావాలి కాబట్టి ఒక పండుతో గంట గడవదు. మొదటి 30 నిమిషాల నుంచే కొంచెం కొంచెం తింటూ పోవాలి. ఆకలేశాక తిందామనుకుంటే ఒంట్లో సత్తువ ఒక్కసారిగా ఇంకిపోతుంది, ఆ తర్వాత ఎంత తిన్నా కోలుకోవడానికి చాలాసేపు పడుతుంది. నీళ్ళు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు, ఎండలో ఇంకా ఎక్కువ. ఉప్పు లేకుండా ఉత్త నీళ్ళు అదే పనిగా తాగడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పలచబడుతుంది. యాత్ర నిర్వాహకులు విరామాల దగ్గర ఏ పానీయం ఇస్తారో కనుక్కుని శిక్షణలో అదే తాగండి. కడుపుకి పడదని యాత్ర మొదటి రోజు తెలిస్తే చేయగలిగేదేమీ ఉండదు.

శిక్షణకు దొరికే సేవల్లో అన్నిటికన్నా నిరాశపరిచేవి "ఎవరినీ వదలం" అని చెప్పుకునే గుంపు రైడ్లు. వదలరు, నిజమే. గుట్ట పైన ఆగుతారు. ముందు చేరినవాళ్ళు పది నిమిషాలు సేదతీరి, నీళ్ళు తాగి, ఆఖరి మనిషి రొప్పుతూ వచ్చి కాలు కింద పెట్టగానే "పదండి" అంటారు. విశ్రాంతి అక్కర్లేనివాళ్ళకి దక్కుతుంది, కావాల్సిన మనిషికి దక్కదు. ఇలా మూడు గుట్టలైతే నెమ్మదిగా తొక్కే మనిషి మళ్ళీ రారు. ఆఖరి మనిషి వచ్చాక ఐదు నిమిషాలు ఆగుతారా అని నాయకుడిని ముందే అడగండి, సూటిగా జవాబు రాకపోతే ఆరేడుగురు కలిసి సొంతంగా వెళ్ళడం మేలు. ముందు సైకిల్ వెనక, గాలి తగలని చోట తొక్కితే శ్రమ బాగా తగ్గుతుంది. కానీ మీ ముందు చక్రం వాళ్ళ వెనక చక్రానికి పక్కగా ఎప్పుడూ చేరకూడదు. రెండూ తగిలితే పడేది వెనక ఉన్నవాళ్ళే.

సపోర్ట్ వ్యాన్ ఆఖరి మనిషి వెనకే రావాలి. భోజనం చోటుకి ముందే చేరి నీడలో ఆగే వ్యాన్ ఉన్నా లేనట్టే. శిక్షణ రైడులో ఒకసారి నిజంగానే ఫోన్ చేసి, ఎంతసేపట్లో వస్తారో గడియారం పెట్టి చూడండి. నిలబెట్టి కొట్టే పెద్ద పంపు, మీ చక్రం సైజు ట్యూబు, మీ చైనుకి సరిపోయే లింకు అందులో ఉన్నాయా అని కూడా.

సర్వీసింగ్ యాత్రకు రెండు మూడు వారాల ముందే చేయించండి, ముందు రోజు వద్దు. కొత్త గేరు తీగలు కొన్ని రైడ్లకి కుదురుకుని వదులవుతాయి, మళ్ళీ బిగించాలి. చైను అరుగుదల స్కేలుతో మీరే చూసుకోవచ్చు. ఒక పిన్ను మధ్య నుంచి, దాన్ని వదిలి లెక్కపెడితే వచ్చే 24వ పిన్ను మధ్యకి కొత్త చైనులో సరిగ్గా 12 అంగుళాలు. అది అంగుళంలో పదహారో వంతు సాగితే మార్చే వేళ. ఎనిమిదో వంతు సాగిందంటే వెనక క్యాసెట్ కూడా అరిగిపోయే ఉంటుంది. దాని మీద కొత్త చైను వేస్తే ఎక్కుడులో గట్టిగా తొక్కినప్పుడు పళ్ళ మీద జారుతుంది. అందుకే రెండూ కలిపి మార్పించి, అదే సంచి, అదే నిక్కరు, అవే సీసాలతో ఆఖరి రెండు రోజుల రైడుకు వెళ్ళండి. తిరిగొచ్చాక యాత్ర దాకా ఉన్న రెండు వారాల్లో దూరం సగానికి తగ్గించండి. సైకిల్ మీద మాత్రం ఇంకేదీ మార్చకండి.