మౌంట్ వెర్నన్: చందాలతో నిలబడ్డ ఇల్లు, సగం రోజైనా కేటాయించండి

వాషింగ్టన్ డీసీ చూడటానికి వచ్చిన పెద్దవాళ్ళకి వైట్ హౌస్ ముందు ఒక ఫొటో, క్యాపిటల్ ముందు ఒక ఫొటో అయ్యాక ఇంకేం చూపించాలో తోచదు. అలాంటప్పుడు మౌంట్ వెర్నన్ తీసుకెళ్ళండి. పోటోమాక్ ఒడ్డున జార్జ్ వాషింగ్టన్ ఉన్న ఇల్లు, డీసీకి దక్షిణంగా సుమారు 15 మైళ్ళు. మా అత్తమామల్ని అంతకుముందు ఒక ప్యాకేజీ టూర్ వాడు అక్కడ దింపి గంటలో మళ్ళీ బస్సెక్కించాడట. ఏం చూశారని అడిగితే "గిఫ్ట్ షాపు" అన్నారు అత్తయ్యగారు.

ఇల్లు సరే, నాకు అంతకంటే నచ్చింది అది మిగిలిన తీరు. 1850ల నాటికి వరండా కూలిపోకుండా పాత ఓడ కొయ్యలు ఊతగా పెట్టే స్థితి. వారసుడు జాన్ అగస్టీన్ వాషింగ్టన్ అమ్ముతానంటే కేంద్రమూ కొనలేదు, వర్జీనియా రాష్ట్రమూ కొనలేదు. 1853లో సౌత్ కరోలినాకి చెందిన ఒకావిడ స్టీమరులో వెళ్తూ ఆ కొంపని చూసి, మగవాళ్ళకి పట్టకపోతే ఆడవాళ్ళమే ఎందుకు కాపాడకూడదని కూతురికి ఉత్తరం రాసింది. కూతురు యాన్ పమేలా కన్నింగ్‌హామ్ గుర్రం మీంచి పడి ఆరోగ్యం పాడైన మనిషి. సొంత పేరు పెట్టకుండానే పత్రికలో విజ్ఞప్తి వేయించింది, మహిళా సంఘం కట్టి రాష్ట్రానికొక మహిళని బాధ్యురాలిగా పెట్టింది, డాలరు డాలరు చొప్పున చందాలు పోగు చేయించింది. ఎడ్వర్డ్ ఎవరెట్ అనే వక్త ఊరూరా ఉపన్యాసాలిచ్చి సుమారు 69,000 డాలర్లు తెచ్చిపెట్టాడు. లింకన్ ప్రసిద్ధ గెటిస్‌బర్గ్ ప్రసంగానికి ముందు అదే వేదిక మీద రెండు గంటలు మాట్లాడింది ఈయనే! 1858లో 200 ఎకరాలకి రెండు లక్షల డాలర్ల బేరం, 18,000 అడ్వాన్సు. 1860 ఫిబ్రవరి 22న, వాషింగ్టన్ పుట్టినరోజునాడు, ఇల్లు వాళ్ళ చేతికొచ్చింది. మరుసటి ఏడే అంతర్యుద్ధం. సంఘం కార్యదర్శి సారా ట్రేసీ ఆ ఇంట్లోనే ఉండి, ఏ పక్షం సైనికులొచ్చినా తుపాకులు బయట పెట్టి రమ్మనేదట.

ఇప్పటికీ యజమాని ఆ మహిళా సంఘమే. సర్కారు సొమ్ము తీసుకోదు, మన టిక్కెట్లూ విరాళాలతోనే నడుస్తుంది. మన వైపు దివాణాలు ఒక్కొక్కటే పెచ్చులూడి పోవడం చూసినవాళ్ళం కదా, టిక్కెట్టు డబ్బులు కట్టడానికి చెయ్యి వెనక్కి రాలేదు.

మామయ్యగారు ఆర్ అండ్ బీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. బయటి గోడ చూసి "రాతి కట్టుబడి బాగుంది" అన్నారు. అది రాయి కాదు, పైన్ చెక్క! రాతి దిమ్మెల్లా కనిపించేలా పలకలకి గాళ్ళు కోసి, రంగు తడి ఆరకముందే సన్నటి ఇసుక చల్లారు. ఆయన గోడకి ముక్కు ఆనించినంత దగ్గరగా నిలబడి చాలాసేపు చూశారు. లోపల హాల్లో ఫ్రెంచి విప్లవంలో జనం పడగొట్టిన బాస్టీల్ కోట తాళంచెవి ఉంది, వాషింగ్టన్‌కి ఫ్రెంచి మిత్రుడు లఫాయెట్ పంపినది. అత్తయ్యగారికి మాత్రం విడిగా ఉన్న వంటిల్లే నచ్చింది.

వాషింగ్టన్ పోయిన 1799లో ఈ ఎస్టేటులో 317 మంది బానిసలుండేవారు. వాళ్ళ నివాసాలు, సమాధుల చోటు తప్పకుండా చూడండి. కాపాడిన యాన్ పమేలాదీ బానిసల చాకిరీ మీద బతికిన కుటుంబమే. ఆవిడ పట్టుదలకి దండం పెట్టినా ఇది దాటెయ్యలేం.

వెనక వరండాలో కుర్చీలుంటాయి, కూర్చోవచ్చు. ఎదురుగా మేరీలాండ్ ఒడ్డున ఒక్క అపార్ట్‌మెంటు కనపడదు. అదీ దానంతటదే జరగలేదు. 1950ల్లో సంఘంలో ఒహాయో తరఫు బాధ్యురాలు ఫ్రాన్సిస్ బోల్టన్ అక్కడ భూమి కొని అడ్డం పడింది, ఇప్పుడది పిస్కాటవే పార్కు.

ఇంటి లోపలికి టైమ్ స్లాట్ ఉంటుంది, ముందే బుక్ చేసుకోండి. నడక ఎక్కువ, మోకాళ్ళ నొప్పులుంటే తొందరపడకండి. పులిహోర డబ్బా తీసుకెళ్తే అక్కడికెళ్ళే పార్క్‌వే రోడ్డు మీద దగ్గర్లోనే రివర్‌సైడ్ పార్కులో బల్లలున్నాయి. నా వరకు అయిదుకి అయిదు. ప్యాకేజీ బస్సులో మాత్రం వెళ్ళకండి.