పాత వంతెనకు ఏ లెక్క: కోడ్ గుణకాలా, సంభావ్యతా?

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) కోడ్‌లోని లిమిట్ స్టేట్ లెక్కలో, అంటే వంతెన విఫలమయ్యే హద్దు దాటకుండా చూసే పద్ధతిలో, భద్రత కోసం కాంక్రీటు బలాన్ని 1.5తో, స్టీలును 1.15తో భాగిస్తాం; వాహన భారాన్ని 1.5 రెట్లు చేస్తాం. పని త్వరగా తేలుతుంది, సంతకం పెట్టడానికి ఎవరూ జంకరు. కానీ ఆ గుణకాలు ఇంకా కట్టని వంతెనవి. మూసీ మీద ఎన్నో ఏళ్లుగా నిలబడి ఉన్న ఆర్‌సీసీ (ఉక్కు చువ్వల కాంక్రీటు) వంతెన దగ్గర ఊహ దేనికి? కాంక్రీటు నుంచి కోర్ (గుండ్రటి నమూనా ముక్క) తీసి నలిపి చూడొచ్చు, చువ్వను తుప్పు ఎంత తిన్నదో కొలవొచ్చు, మీదుగా వెళ్లే లారీలను తూచొచ్చు.

సంభావ్యతా పద్ధతి ఆ కొలతల సగటుతో పాటు వాటి హెచ్చుతగ్గులనూ పట్టించుకుంటుంది. భారం బలాన్ని మించే అవకాశమెంతో బీటా సూచిక చెబుతుంది: 3 అయితే వెయ్యికి దాదాపు 1.35, 3.8 అయితే లక్షకు సుమారు 7. కోడ్‌లో తప్పిన వంతెన ఇక్కడ గట్టెక్కవచ్చు.

అయితే మూడు కోర్లు తీసి, బీటాను రెండో దశాంశం దాకా రాసే నివేదికను నేను నమ్మను. నా వరుస ఇది: ముందు కోడ్, అందులో తప్పితే, కూల్చివేత టెండరుకు ముందు బీటా. హైదరాబాద్ 1908 నాటి మూసీ వరద తెలిసిన ఊరు కాబట్టి, రెండింటికన్నా ముందు పునాది కింద మట్టి కోత చూడాలి.