మా కరెంటు సెక్షన్ ఆఫీసు: తీగ బిగించడానికి ఫుల్ మార్కులు, నష్టం సంగతికి సున్నా

రేటింగ్: 5కి 2

ఒడిశా గజపతి జిల్లాలో కాశీనగర్ వైపు మాకు జీడితోట ఉంది. తోట మీదుగా ఎల్‌టీ (తక్కువ వోల్టేజి) కరెంటు లైను పోతుంది. ఎండాకాలం గాలికి, జారిపోయిన తీగలు ఒకదానికొకటి తగిలి నిప్పులు రాలాయి. జీడాకు ఎండితే ఎలా అంటుకుంటుందో మన వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. పిక్కలు కోతకొచ్చిన గట్టు పక్క చెట్లన్నీ కాలిపోయాయి. ఆ తర్వాత కరెంటు ఆఫీసుతో పడిన అనుభవం రాస్తున్నాను. పర్లాకిమిడి, గుణుపురం వైపు తోటలున్నవాళ్లకు పనికొస్తుంది.

ముందు మంచి సంగతి. ఫోన్ చేయగానే లైను ఆపారు. సాయంత్రానికల్లా లైన్‌మన్ వచ్చాడు. వారం తిరగకుండానే రెండు స్తంభాల మధ్య ఇంకో స్తంభం పాతారు, తీగలు బిగించారు, తగులుకోకుండా మధ్యలో ప్లాస్టిక్ స్పేసర్లు పెట్టారు. పని శుభ్రంగా చేశారు. పోయిన ఏడాది తీగ జారిందని మేమిచ్చిన కాగితానికి అప్పుడే ఈ పని చేసుంటే తోట మిగిలేది. తీగలకు తొడుగుండే ఏబీ కేబుల్ వేయమని ఇప్పుడు అడిగితే ఎస్టిమేట్ పంపామంటున్నారు.

ఇక నష్టం సంగతి. ఆఫీసులో నా దరఖాస్తు చదవకముందే, "ఇప్పపూలు ఏరేవాళ్లు ఆకులు కాల్చుంటారమ్మా" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. పూలు ఏరడానికి చెట్టు కింద ఆకులు తగలబెట్టేవాళ్లు లేకపోలేదు. కానీ మా తోట దరిదాపుల్లో ఒక్క ఇప్పచెట్టు లేదు. పైగా మంట లేచింది సరిగ్గా తీగ కింద. అక్కడ రాయికి మినపగింజంత అల్యూమినియం బొట్టు కరిగి అతుక్కుని ఉంది, గోటితో గీకితే వెండిలా మెరిసింది. పైన తీగకు అదే చోట కాటు ఉంది. లైన్‌మన్ కూడా చూశాడు. "తీగదే పిన్నీ, కానీ నేను చెప్పానని అనకు" అన్నాడు. అతని ఉద్యోగం అతనిది, తప్పు పట్టను. పేదవాళ్ల మీద నెట్టేసి ఫైలు మూసేయాలని చూడటం మాత్రం నేను ఒప్పుకోను.

చట్టం చదివాక అసలు చిక్కు ఎక్కడుందో అర్థమైంది. 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షన్ ప్రకారం, ప్రమాదంలో మనిషికో పశువుకో ప్రాణం పోయినా, గాయమైనా కంపెనీయే ప్రభుత్వం నియమించిన ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కు తెలియజేయాలి. తోటలో మేకపిల్ల చచ్చిపోయినా ఆయనకు కబురు వెళ్లాలి. ఏళ్ల తరబడి పెంచిన చెట్లు బూడిదైతే ఆ నియమం వర్తించదు. అయితే అదే సెక్షన్ రెండో భాగంలో, ప్రజల భద్రతకు సంబంధించిన ప్రమాదమైతే విచారణ చేయమని ప్రభుత్వం ఇన్‌స్పెక్టర్‌ను అడగొచ్చని ఉంది. ఆఫీసులో ఈ మాట ఎవరూ చెప్పలేదు.

2002లో మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు తీర్పుంది. వాన నీళ్లు నిలిచిన రోడ్డు మీద పడి ఉన్న కరెంటు తీగ తగిలి సైకిల్ మీద వెళ్తున్న మనిషి చనిపోయాడు. ఎవరో దొంగ కనెక్షన్ పెట్టారు, మా తప్పేమీ లేదని బోర్డు వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. ప్రమాదకరమైన సరుకు నడిపేవాళ్లు నిర్లక్ష్యం ఉన్నా లేకపోయినా బాధ్యులే అంది. అది మనిషి ప్రాణం కేసు, నిజమే. కానీ 'ఎవరో చేశారు' అని తప్పించుకునే వాదన మాత్రం మా ఆఫీసులో విన్నదే.

కాలిఫోర్నియాలో ఉండే మా మేనకోడలి కరెంటు బిల్లులో కార్చిచ్చుల నష్టపరిహారం ఫండ్ కోసమని ఒక చార్జీ పడుతుంది. ఆ ఫండ్ కథ చదివాను. 2018 నవంబరులో పీజీ అండ్ ఈ కంపెనీ టవర్ మీద పాతబడి అరిగిపోయిన కొక్కెం విరిగి తీగ జారితే ప్యారడైజ్ ఊరు కాలిపోయింది, 85 మంది చనిపోయారు. రెండు నెలలకే కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ప్రజావసరానికి నడిపే పనివల్ల ఒకరి ఆస్తి పాడైతే పరిహారం ఇవ్వాలన్న రాజ్యాంగ సూత్రాన్ని అక్కడి కోర్టులు కరెంటు కంపెనీలకూ వర్తింపజేస్తాయి. నిర్లక్ష్యం రుజువు చేయాల్సిన పని బాధితుడికి లేదు. 2019 జూలైలో ఆ రాష్ట్రం చట్టం చేసి 2,100 కోట్ల డాలర్ల ఫండ్ పెట్టింది. సగం వాటాదారులది, సగం వినియోగదారులది.

అమెరికాలో అన్ని రాష్ట్రాలూ ఇలా లేవు. 2025లో ఐడహో, వ్యోమింగ్ చట్టాలు కంపెనీల వైపు మొగ్గాయి. మంటల నివారణ ప్లాన్‌కు కరెంటు కంపెనీలను నియంత్రించే కమిషన్ ఆమోదం తెచ్చుకుని దాని ప్రకారం నడిస్తే, కంపెనీ నిర్లక్ష్యం లేదనే అనుకుని కోర్టు కేసు మొదలుపెడుతుంది. కాదని నిరూపించాల్సింది ఇల్లు కాలినవాడు. ప్లాన్ రాయించడం నాకు నచ్చింది. ఏ లైను ఎప్పుడు చూస్తారో, కొమ్మలు ఎప్పుడు కొడతారో కాగితం మీద ఉంటే మా పాత ఫిర్యాదును పక్కన పడేసేవాళ్లు కాదు. రుజువు భారం మాత్రం రైతు నెత్తిన పెట్టడం అన్యాయం. తీగ వాళ్లది, రిజిస్టర్లు వాళ్లవి, నా దగ్గరున్నది ఒక రాయి. విద్యుత్తు ఉమ్మడి జాబితాలోది, ఒడిశా శాసనసభ కూడా చట్టం చేయొచ్చు. 1995లో దేశంలో అందరికంటే ముందు విద్యుత్ సంస్కరణల చట్టం చేసింది ఈ రాష్ట్రమే.

ఇలాంటిది మీకు జరిగితే, తీగ బిగించకముందే ఫొటోలు, వీడియో తీయండి. బిగించాక ఎంత జారిందో చూపించలేం. కరిగిన బొట్లు ఉన్న రాళ్లు సాక్షుల ముందు తీసి దాచండి. పోలీస్ స్టేషన్లో ఎస్‌డీ (స్టేషన్ డైరీ) ఎంట్రీ వేయించండి, ఫైర్ స్టేషన్ రిపోర్టు అడగండి, ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) చేత చెట్ల లెక్క రాయించండి. దరఖాస్తు ఒడియాలో రాయించి ఇవ్వండి. నేను తెలుగులో ఇచ్చింది బల్ల మీదే ఉండిపోయింది, మా అబ్బాయి ఒడియాలో రాసిచ్చింది మాత్రం కదిలింది. ఒక కాపీ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకు పంపండి. మీ దగ్గరుంచుకునే కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోనిదే ఏ కౌంటర్ నుంచీ కదలకండి. పోయిన ఏడాది ఇచ్చిన ఫిర్యాదు మీద ముద్ర ఉండబట్టే అది అందలేదని ఆఫీసువాళ్లు ఇప్పుడు అనలేకపోతున్నారు.