హెర్క్యులిస్ చవకే, దాని పొట్టే ఖరీదు

హెర్క్యులిస్ కొమ్ముపురుగును పెంచుదామని షాపుకు వెళ్లేవాళ్లు ముందు పురుగు ధర అడగకండి, అది తిని పెరిగే చెక్క పొట్టు ధర అడగండి. టోక్యోలో మా నిషి కసాయ్ వైపు పిల్లల పోరు పడలేక ఈ పనికి దిగిన తెలుగువాళ్లు కొందరున్నారు. కనిపించినప్పుడల్లా నన్ను అడిగేది ఒకటే: "ఆ సైతామా షాపులో సెట్ కొనొచ్చా?" లార్వా, డబ్బా, పొట్టు కలిపి అమ్మే ఆ సెట్ కొనొద్దు. షాపుకు మాత్రం వెళ్లండి. పేరు రాయను, ఇందులో మెచ్చుకోలుతో పాటు తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి. పిల్లలున్న ఇంట్లో అడిగితే ఏ షాపో చెప్పేస్తారు.

అది ఒక ఇంటి కింది అంతస్తు. ఏడాది పొడవునా ఏసీ ఉంటుంది. గోడ పొడవునా ప్లాస్టిక్ డబ్బాలు. ఒక్కో డబ్బా మీద చీటీ: ఏ జాతి, ఏ ప్రాంతపు వంశం, ఎన్నో తరం, చివరిసారి ఎన్ని గ్రాములు తూగింది. పెరిగిన మగ పురుగులకైతే మిల్లీమీటర్ల లెక్కన ధర. కొమ్ముతో కలిపి 140 మిల్లీమీటర్లున్నదానికీ 160 ఉన్నదానికీ తేడా చూసి మా ఆయన సున్నాలు మళ్లీ లెక్కపెట్టుకున్నారు. గ్వాడెలూప్ దీవి వంశానిదైతే ఇంకా ప్రియం. కరీబియన్ దీవుల్లో, మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో పుట్టిన జీవి ఇది. పంటలకు చేటు చేస్తాయని ఇలాంటి విదేశీ పురుగుల్ని జపాన్ చాలాకాలం రానివ్వలేదు. 1999లో దిగుమతికి దారి తెరిచాక ఇళ్లల్లో పెంచడం జోరందుకుంది. ఇప్పుడు పెద్ద పెద్ద మగవి చాలావరకు ఇక్కడి డబ్బాల్లో పుట్టి పెరిగినవే.

షాపు యజమాని పెద్దాయన. మావాడికి ఎనిమిదేళ్లు. వాణ్ణి స్టూలు మీద నిలబెట్టి, ఒక లార్వాను అరచేతిలో వెల్లకిలా తిప్పి, పొట్ట చివరి మడతల దగ్గర సన్నటి వి ఆకారపు గుర్తు చూపించారు. అదుంటే మగది. మూడో దశ మగ లార్వా 3,000 యెన్‌లు. దానికి డబ్బా, పది లీటర్ల పొట్టు, ఎలా పెంచాలో రాసిన కాగితం కలిపి సెట్ అయితే 6,500. మేం సెట్ తీసుకున్నాం.

ఇక తిట్లు. ఈ పురుగు లార్వాగా ఏడాది పైన, ఒక్కోసారి రెండేళ్ల దాకా ఉంటుంది. అన్నాళ్లూ అది తినేదీ, పడుకునేదీ, విసర్జించేదీ ఆ పొట్టులోనే. ఓక్ లాంటి చెట్ల పొట్టులో గోధుమ తవుడు లాంటిది కలిపి, తడి చేసి, నల్లబడేదాకా పులియబెడతారు. సెట్‌లో ఇచ్చిన సంచి విప్పితే పుల్లటి ఘాటు ముక్కుకు కొట్టింది, రంగు ఇటుక పొడిలా ఉంది. లార్వాను అందులో పెడితే లోపలికి పోకుండా పైనే చుట్టచుట్టుకుని పడుకుంది. మావాడు ఏడుపు.

ఆదివారం వీడియో కాల్‌లో అమలాపురం దగ్గరి మా నాన్నగారికి చూపించాం. ఆయన కొబ్బరి రైతు. మొవ్వులో దూరిన కొమ్ముపురుగును ఇనుప కొక్కెంతో గుచ్చి లాగి చంపడం ఆయనకు జీవితమంతా అలవాటైన పని. "ఏంటమ్మా, మన పెంటకుప్పలో గంపెడు దొరికే పురుగుకి డబ్బులిచ్చారా?" అని ముందు నవ్వారు. తర్వాత ఫోన్ దగ్గరగా పెట్టించి చూశారు. "అది మాగలేదు. పచ్చి పెంటకి వేడి పుడుతుంది, అందులో ఇది ఉండదు. ఆరబోసి రోజూ కలియబెట్టండి" అన్నారు. వెంటనే షాపుకు ఫోన్ చేస్తే పెద్దాయన కూడా అక్షరాలా అదే చెప్పారు. బాల్కనీలో పాత దుప్పటి మీద పరిచి, వాసన పోయి మట్టి వాసన వచ్చేదాకా ఆగాం. ఆ తర్వాత లార్వా నిమిషంలో లోపలికి దూరిపోయింది.

నా కోపం ఏంటంటే, అదే షాపులో బాగా మాగిన నల్ల పొట్టు వేరేగా అమ్ముతున్నారు. ధర దాదాపు రెట్టింపు. ఏమీ తెలియక మొదటిసారి వచ్చేవాళ్లకు సెట్‌లో ఆ పచ్చిది అంటగట్టడం న్యాయం కాదు. డబ్బా కూడా మగదానికి చాలదు, పెరిగాక మార్చాల్సిందే.

నల్ల పొట్టుకు మాత్రం వంక పెట్టను. పిడికిట్లో బిగిస్తే ముద్ద కడుతుంది, నీళ్లు కారవు. అదే సరైన తడి. రెండు మూడు నెలలకోసారి పైన పలకల్లాంటి రెట్ట పేరుకుంటుంది, అప్పుడు మార్చాలి. పాత పొట్టు కొంత కలిపి మారిస్తే లార్వా బెదరదు. మార్చిన ప్రతిసారీ వంటింటి త్రాసు మీద తూచాం. షాపులో 40 గ్రాములున్నది 96 దాకా వచ్చింది. (ఆ త్రాసు మీద ఇక శనగపిండి తూచనివ్వనని మా ఆయన పట్టుబట్టి కొత్తది కొన్నారు. అది కూడా ఖర్చులో రాసుకోండి.) ఇన్నాళ్లలో పొట్టుకు పెట్టింది పురుగుకు పెట్టినదానికి మూడు రెట్లు దాటింది. వేసవిలో ఏసీ ఆపలేం, చలికాలంలో గది చల్లబడనివ్వలేం. కరెంటు బిల్లు సంగతి ఎత్తను.

షాపుకు నేను పూర్తి మార్కులు వేసేది ప్యూపా దశలో అందిన సలహాకు. లార్వా పసుపు రంగుకు తిరిగి పొట్టు లోపల గది కట్టుకోవడం మొదలుపెట్టాక ఫోన్ చేశాం. గది పొట్టిగా ఉంటే కొమ్ము మడతపడి అలాగే గట్టిపడిపోతుందట. పూలు గుచ్చే ఆకుపచ్చ ఫోమ్ ఇటుక కొని, తడిపి, చెంచాతో పొడవుగా తొలిచి, ఒళ్లంతా గట్టిపడ్డ ప్యూపాను అందులోకి మార్చమన్నారు. ఎంత పొడవు, ఎంత లోతు, తల వైపు ఎంత ఎత్తు, అన్నీ ఓపిగ్గా చెప్పారు. పైసా తీసుకోలేదు.

బయటికి వచ్చింది 148 మిల్లీమీటర్లు. మొదట్లో రెక్కల డిప్పలు తెల్లగా, తర్వాత మెల్లగా రంగెక్కాయి. ఇప్పుడు గాలి పొడిగా ఉన్న మధ్యాహ్నం ఆలివ్ పసుపు, రాత్రి పొట్టు తడిపితే నలుపు. వచ్చిన కొత్తలో నెల పైన ఏమీ తినలేదు, అది మామూలేనట. ఇప్పుడు పురుగుల కోసం అమ్మే కప్పు జెల్లీ రాత్రికి రాత్రి ఖాళీ. పుచ్చకాయ పెట్టకండి, నీళ్లు తప్ప ఏమీ ఉండదు. చేతి మీదికి ఎక్కించుకుంటే గోళ్లు చర్మంలోకి దిగుతాయి. లాగితే ఇంకా బిగిస్తుంది. ముందొక కొమ్మ పెట్టి వెనక నుంచి మెల్లగా తడితే తనే దిగుతుంది. కదిలిస్తే బుసకొడుతుంది, రాత్రిళ్లు ఎగరబోయి మూతకు కొట్టుకుంటుంది. పడకగదిలో పెట్టుకోవద్దు.

జత కట్టిద్దామంటే ఇంకో చిక్కు. ఆడది మగదానికన్నా నెలల ముందే పెరిగిపోతుంది. ఆడదాన్ని కాస్త చల్లని చోట ఉంచి ఆలస్యం చేస్తారని పెద్దాయన చెప్పారు. గుడ్లు మాత్రం పదుల్లో పెడుతుంది. పుట్టే ప్రతిదానికీ మళ్లీ సంచుల కొద్దీ పొట్టు. ఎక్కువైతే వెనక్కి తీసుకుంటారా అంటే, పేరున్న వంశమైతేనే అన్నారు. బయట తోటలో వదలడం తప్పు. ఇండియాకు తీసుకెళ్దామా అంటే అనుమతులు లేకుండా కుదరదు. అయినా మా నాన్నగారు గుమ్మంలోకి రానివ్వరు. పెంటకుప్పల్లో లార్వాల్ని చంపడానికి అంబాజీపేట పరిశోధన కేంద్రం వాళ్లు చెప్పే పచ్చ శిలీంధ్రం పొడి ఆయన దగ్గర ఎప్పుడూ సిద్ధం. మావాడికి ఆ సంగతి ఇంకా చెప్పలేదు.

మొదటిసారైతే హెర్క్యులిస్ జోలికి పోకుండా, వేసవిలో సూపర్‌మార్కెట్‌లో కూడా దొరికే జపాన్ కొమ్ముపురుగు కబుతోముషి జతతో మొదలుపెట్టండి. ఆ వేసవితోనే వాటి ఆయుష్షు తీరుతుంది, ఖర్చూ అంతే. హెర్క్యులిస్సే కావాలని పట్టుబడితే ఆ షాపులో లార్వాను విడిగా, నల్ల పొట్టును విడిగా, డబ్బాను హోమ్ సెంటర్‌లో (ఇంటి సామాన్లు అమ్మే పెద్ద షాపు) కొనండి. లార్వాకు ఐదుకు ఐదు, పొట్టుకు నాలుగు, సెట్‌కు ఒకటి. బుధవారం సెలవు, కార్డు తీసుకోరు, నగదు పట్టుకెళ్లండి.