ఎర్ర గెలాక్సీని ఎలా గుర్తుపట్టాలి: బీజెడ్‌కేనా, యూవీజేనా?

దూరాన గెలాక్సీ ఎర్రగా కనిపిస్తే, కొత్త నక్షత్రాలు పుట్టడం ఆగిపోయి ముసలివే మిగిలి ఉండాలి. లేదంటే పుడుతూనే ఉన్నా ధూళి నీలి కాంతిని మింగేస్తుండాలి. ఈ రెండింటినీ విడదీయడమే అసలు చిక్కు. అందుకు వాడే రెండు పద్ధతులే బీజెడ్‌కే, యూవీజే; ఆ పేర్లలోని అక్షరాలు కాంతి ఫిల్టర్ల పేర్లు.

2004లో వచ్చిన బీజెడ్‌కే పద్ధతికి మూడు ఫిల్టర్లతో తీసిన ఫొటోలు చాలు, రెడ్‌షిఫ్ట్ (విశ్వం వ్యాకోచించడం వల్ల గెలాక్సీ కాంతి ఎంత ఎరుపు వైపు జరిగిందో చెప్పే కొలత; ఎక్కువుంటే అంత దూరం) ముందే తెలియక్కర్లేదు. ఎంత హాయి! కానీ అది సుమారు 1.4 నుంచి 2.5 రెడ్‌షిఫ్ట్ వరకే పనికొస్తుంది. పైగా నక్షత్రాల పుట్టుక ఆగిన గెలాక్సీ నీలి బీ ఫిల్టర్‌లో దాదాపు కనిపించదు.

నాకైతే యూవీజే మీదే నమ్మకం ఎక్కువ. ఇది రెడ్‌షిఫ్ట్ ప్రభావాన్ని తీసేసి గెలాక్సీ సొంత రంగులను లెక్కగడుతుంది. యూ-వీ రంగులో, అంటే అతినీలలోహిత (యూ), కంటికి కనిపించే (వీ) కాంతుల మధ్య తేడాలో, ముసలి గెలాక్సీ, ధూళి గెలాక్సీ రెండూ ఎర్రగానే ఉంటాయి. వీ-జేలోకి (జే అంటే పరారుణ కాంతి) వచ్చేసరికి ధూళిది ఇంకా ఎర్రబడుతుంది, ముసలిది అంతగా ఎర్రబడదు. గ్రాఫ్‌లో రెండూ విడిపోవడం కళ్లారా చూడొచ్చు.

అయితే రెడ్‌షిఫ్ట్ అంచనా తప్పితే రంగులూ తప్పుతాయి. రెడ్‌షిఫ్ట్ 3 దాటితే జే కాంతి 5 మైక్రాన్ల అవతలికి జరుగుతుంది, అప్పుడు జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపులోని మిరి లాంటి, అంత పొడవైన పరారుణ కాంతిని చూడగల పరికరం కావాలి. ఈమధ్యే నక్షత్రాల పుట్టుక ఆగిన గెలాక్సీలు ఇంకా నీలంగా ఉండి, గ్రాఫ్‌లో ముసలివాటిని వేరుచేసే గీతకు అవతలే ఉండిపోతాయి.