పవర్ వీడర్: ఇంజిన్ మంచిదే, ట్యాంకు మూతే ఏడిపించింది

సాళ్ల మధ్య కలుపు తీసే ఏడు హెచ్‌పీ పెట్రోల్ వీడర్‌కి బ్లేడ్లెన్ని, గేర్లెన్ని, ఎంత లోతు తవ్వుతుంది అనేవి ఏ డీలర్ని అడిగినా చెబుతాడు. ఎవరూ చెప్పనిది దాని పెట్రోల్ ట్యాంకు మూత గురించి. అంత మంచి ఇంజిన్ బిగించిన కంపెనీ మూత దగ్గర అంత నిర్లక్ష్యం చూపించినందుకు నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

మాది గుంటూరు దగ్గర వట్టిచెరుకూరు వైపు. నల్లరేగడి, మిర్చి, పత్తి. పైపాటుకి, అంటే సాళ్ల మధ్య దున్నడానికి, అరకలు దొరకడం కష్టమైపోయింది. దొరికినా మన చేను అదునులో ఉన్నరోజు వాళ్లు ఇంకొకరి చేలో ఉంటారు. అందుకే మిషన్ కొన్నాం. మొదటి పంటంతా బాగా నడిచింది. గంటకి లీటరు అటూ ఇటూగా తాగుతుంది, పని చూస్తే అది ఎక్కువేం కాదు. అడిగినవాళ్లందరికీ "ఒక్క లాగుడికే స్టార్టవుతుంది" అని చెప్పాను.

రెండో ఏడు మిర్చి నాటిన తర్వాత, వాన వెలిసి నేల సరిగ్గా అదునుకొచ్చిన సమయంలో గొడవ మొదలైంది. తాడు లాగగానే స్టార్టయ్యేది. నాలుగు సాళ్లు తిరిగేసరికి సౌండు ఎక్కుతూ తగ్గుతూ, చివరికి ఆగిపోయేది. కాసేపు గట్టున కూర్చుని మళ్లీ లాగితే ఏమీ జరగనట్టే స్టార్టయ్యేది. మళ్లీ నాలుగు సాళ్లు, మళ్లీ అంతే.

మెకానిక్ ముందు ప్లగ్ మార్చాడు. తర్వాత పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బురేటర్ విప్పి, దాని జెట్లు (పెట్రోల్ వచ్చే సన్నటి చిల్లులు) కడిగాడు, ఎయిర్ ఫిల్టర్ దులిపాడు. అయినా ఆగుతోంటే, "కాయిల్ వేడెక్కి ప్లగ్‌కి కరెంటు ఇవ్వట్లేదు, చల్లబడగానే ఇస్తోంది" అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి లేదు, కాయిల్ పాడైతే లక్షణాలు దాదాపు ఇలాగే ఉంటాయి. విజయవాడ ఆటోనగర్ వెళ్లి కొత్త కాయిల్ తెచ్చి వేయించాం. మార్పేమీ లేదు. ఈలోపు అదును పోయింది, కలుపు మిరప మొక్కల మీదకి లేచింది, చివరికి కూలీలని పెట్టి తీయించాల్సి వచ్చింది. ఇంట్లో ఒకటే టెన్షన్.

పక్క చేను బాబాయి వచ్చి చూసి, "అబ్బాయ్, మూత కాస్త వదులు చెయ్, మందు కొట్టే మా తైవాన్ స్ప్రేయర్‌ది కూడా ఇదే రోగం" అన్నాడు. మూత పావు వంతు తిప్పానో లేదో స్స్‌స్ అంటూ గాలి లోపలికి లాక్కుంది. వెంటనే తాడు లాగితే స్టార్టయి, ఆ సాలు చివరిదాకా ఆగకుండా వెళ్లింది.

సంగతేమిటంటే, ఈ ఇంజిన్లలో పెట్రోల్‌కి పంపు ఉండదు. ట్యాంకు పైన, కార్బురేటర్ కింద ఉంటాయి కాబట్టి బరువుకి అదే దిగుతుంది. దిగిన మేరకు ట్యాంకులోకి గాలి రావాలి, ఆ దారి మూతలోనే సన్నగా ఉంటుంది. నూనె డబ్బాకి ఒక్క చిల్లే పెడితే నూనె సరిగా కారనట్టే, ఆ దారి మూసుకుపోతే పెట్రోల్ ఆగిపోతుంది. మనం గట్టున కూర్చున్నప్పుడు గాలి మెల్లగా లోపలికి దూరుతుంది, ఇంజిన్ మళ్లీ నడుస్తుంది. అందరూ వేడిని అనుమానించేది అందుకే. నల్లరేగడి దుమ్ము మెత్తగా ఉండి, పెట్రోల్ తడికి మూత లోపల అట్ట కట్టింది. పొలంలో దుమ్ము లేకుండా ఏ వీడర్ నడుస్తుంది? ఆ మూతకి పైన చిన్న గొడుగులాంటి అడ్డు పెట్టలేకపోయారా? మిషన్‌తో ఇచ్చిన పుస్తకంలో దీని గురించి ఒక్క ముక్క లేదు.

గడ్డి కోసే మిషన్లు, చిన్న జనరేటర్లలో చాలావాటికి ఇదే తరహా ఇంజిన్లు ఉంటాయి, వాటికీ ఇది వర్తిస్తుంది. నడిచి నడిచి ఆగిపోతే పార్టులు కొనకముందు మూత వదులు చేసి చూడండి. అయితే ట్యాంకు నిండుగా, సైలెన్సర్ కాలుతూ ఉన్నప్పుడు తీయకండి, చిందితే మంటే. వదులు మూతతో నడపడం కూడా అంతే ప్రమాదం. కడగడానికి మూత లోపలి బిళ్ల ఊడదీసి, పెట్రోల్‌లో నానబెట్టి, సైకిల్ పంపుతో గాలి కొడితే చాలు. సూది పెట్టి పొడిస్తే లోపలి రబ్బరు చిరుగుతుంది.

ఇక ఒక్క లాగుడు సంగతి. అది పంట నడుస్తున్న రోజులకే. మిర్చి కోతలయ్యాక వేసవంతా మిషన్ పాకలో ఉంటుంది. 2025 నాటికి మన బంకుల పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతానికి చేరింది. ఇథనాల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. మన ఎండలకి పెట్రోల్‌లో తేలిక భాగం ఎగిరిపోయి, మిగిలింది జెట్‌లో జిగురవుతుంది. పత్తికి బయటికి తీసినప్పుడు చోక్ వేసి చేతులు నొప్పెట్టేలా లాగాల్సి వచ్చింది. కార్బురేటర్ గిన్నె విప్పితే అడుగున తెల్లటి పొడి, నీటి చుక్కలు కనిపించాయి. ఇప్పుడు పంటయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, కాక్ (పెట్రోల్ కుళాయి) మూసి, ఇంజిన్ తనంతట తాను ఆగేదాకా నడిపి, గిన్నె కింద బోల్టు తిప్పి మిగిలిన చుక్కలు కూడా వదిలేస్తున్నా. పెట్రోల్ పైపు కూడా మెత్తబడితే మార్చేశాను. ఇలా చేశాక రెండు మూడు లాగుళ్లకి అందుకుంటోంది.

మళ్లీ కొంటావా అంటే, మాకున్న రెండెకరాలకి, గుంటూరు ఇంత దగ్గరగా ఉన్నందుకు, కొంటాననే అనుకుంటున్నా. వేరే మూత దొరికితే కొన్నరోజే మార్చేస్తాను. చేను ఎక్కువున్నవాళ్లకీ, స్పేర్ పార్టుల కోసం రోజంతా తిరగాల్సిన ఊళ్లవాళ్లకీ ఇదే తీసుకోమని చెప్పలేను. నేల బాగా తడిగా ఉంటే బ్లేడ్లకి మట్టి చుట్టుకుంటుంది, అది మా నేల సంగతి. ఎర్ర నేలల్లో ఎలా నడుస్తుందో వాడినవాళ్లని అడిగి తీసుకోండి.